డిక్కీ మొత్తం బాస్‌కే రాసివ్వాలా?

కారులో సబ్‌వూఫర్ (బాస్, అంటే అతి కింది స్వరాలు, మోగించే పెద్ద స్పీకర్) పెట్టించుకోవాలనుకునేవారు ముందుగా అడిగేది సైజు గురించి. పది అంగుళాలదా, పన్నెండు అంగుళాలదా? ఆ తర్వాత వాట్ల గురించి. ఈ రెండూ తేలి, సామాను చేతికొచ్చాక అప్పుడు పెట్టె సంగతి మొదలవుతుంది. సబ్‌వూఫర్‌తో వచ్చిన కాగితంలో సీల్డ్ (గాలి పోకుండా పూర్తిగా మూసిన) పెట్టెకి ఒక కొలత, పోర్టెడ్ (గాలి ఆడే గొట్టం ఉన్న) పెట్టెకి ఒక కొలత ఉంటాయి. రెండోదే గట్టిగా మోగుతుందని పక్కనున్నవారు చెబుతారు. అక్కడితో డిక్కీలో పెద్ద భాగం చేజారినట్టే.

ఈ వరుస తలకిందులుగా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. సబ్‌వూఫర్ కంటే ముందు పెట్టె తేలాలి. పెట్టె కంటే ముందు, డిక్కీలో శాశ్వతంగా వదులుకోగలిగింది ఎన్ని లీటర్లు, వెనక మోయడానికి ఒప్పుకునేది ఎన్ని కిలోలు అన్నది తేలాలి. ఆ రెండు అంకెలు కాగితం మీద రాసుకుని బయల్దేరితే, పాటలు శ్రద్ధగా వినే చాలామందికి చివరికి మిగిలే సమాధానం చిన్న సీల్డ్ పెట్టె. రాజీపడి దాన్ని ఎంచుకోమని నేను అనడం లేదు. కారులో అదే సరైన పెట్టె అంటున్నాను. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని వెనకున్న లెక్క అందంగా ఉంటుంది.

1957లో అమెరికాలో కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల సంస్థ మొదలైంది. స్థాపించిన ముగ్గురిలో జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ ఒకరు. సంస్థ పేరులో చివరి అక్షరం ఆయనదే. చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం (అంటే సామర్థ్యం): ఈ మూడింటిలో ఏ రెండైనా దక్కుతాయి, మూడోది వదులుకోక తప్పదు అన్న సూత్రం ఆయన పేరు మీదే చెలామణిలో ఉంది. ఈ సూత్రం ఎంత కఠినమో అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది. సామర్థ్యం తగ్గకుండా బాస్ ఒక ఆక్టేవ్ కిందికి, అంటే 60 హెర్ట్జ్ నుంచి 30కి దిగాలంటే పెట్టె ఘనపరిమాణం 8 రెట్లు కావాలి. 20 లీటర్ల చోట 160 లీటర్లన్నమాట. చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో సగానికి పైగా దానికే సరిపోతుంది.

కాబట్టి మూడింటిలో ఏది వదులుకోవాలన్నదే అసలు ప్రశ్న. హాఫ్‌మన్ కంటే కొద్ది సంవత్సరాల ముందే, 1954లో, ఎడ్గార్ విల్చర్ తన ఏఆర్-1 స్పీకర్‌తో దీనికి ఒక జవాబు చెప్పారు. స్పీకర్‌లో ముందుకూ వెనక్కీ కదిలే కోనును మళ్లీ మధ్యకు లాగే స్ప్రింగ్ పనిని, గట్టిగా మూసిన చిన్న పెట్టెలోని గాలికి అప్పగించారు. పెట్టె చిన్నదైంది, బాస్ లోతుగా వచ్చింది. పోయిందల్లా సామర్థ్యం: అదే శబ్దానికి ఎక్కువ వాట్లు కావలసి వచ్చింది. వాల్వు యాంప్లిఫయర్ల కాలంలో వాట్లంటే మాటలు కాదు. ఇప్పుడు అరచేతికి కాస్త పెద్దదైన క్లాస్-డి యాంప్లిఫయర్ కొన్ని వందల వాట్లు ఇస్తుంది, అదీ పెద్దగా వేడెక్కకుండా. కారులో లీటర్లు పెరగవు, కిలోలు తగ్గవు. వాట్లు మాత్రం తేలిగ్గా పెరుగుతాయి. మూడింటిలో వదులుకోవడానికి తగినది సామర్థ్యమేనని నేను అనడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం కారే. ఇంట్లో పెద్ద గదికి పనికొచ్చే తర్కం కారు లోపల సగమే పనిచేస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. 40 హెర్ట్జ్ తరంగం పొడవు 8.6 మీటర్లు. కారు లోపలి పొడవేమో రెండున్నర, మహా అయితే మూడు మీటర్లు. తరంగంలో సగం కూడా లోపల పట్టని చోట, అంటే సుమారు 60 హెర్ట్జ్ కంటే దిగువన, క్యాబిన్‌లోని గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుపోయి, ఒకేసారి వదులవుతుంది. ఇక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ సిద్ధాంతం ప్రకారం ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. సీల్డ్ పెట్టె స్వభావం చూడండి: దాని బాస్ కిందికి దిగేకొద్దీ ఆక్టేవ్‌కి అదే 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది. రెండూ కలిస్తే, ఏ స్వరం ఎంత గట్టిగా వినిపిస్తుందో చూపే గీత చెవి దగ్గర దాదాపు సమతలం.

నిజమైన కారులో ఇంత శుభ్రంగా జరగదన్నది నిజమే. తలుపు రేకులు వంగుతాయి, పైకప్పు ఊగుతుంది, గాలి బయటికి పోయే దారులు ఉంటాయి. పన్నెండు కాస్తా ఏడో ఎనిమిదో అవుతుంది. అయినా అది ఉచితంగా దొరికే బాస్. దానికి లీటర్లు లేవు, కిలోలు లేవు. సీల్డ్ పెట్టె ఆ కానుకను ఉన్నదున్నట్టుగా వాడుకుంటుంది. పోర్టెడ్ పెట్టె 35 నుంచి 50 హెర్ట్జ్ మధ్య ముందే ఒక గుట్ట పోసి ఉంచుతుంది. దాని మీద క్యాబిన్ ఇంకొంత పోస్తుంది. పాట ఏదైనా బాస్ ఒకే స్వరంలో బుంయ్‌మంటూ ఉండే కార్లు మీరు విని ఉంటారు. చాలాసార్లు తప్పు సబ్‌వూఫర్‌ది కాదు, ఈ రెండు గుట్టలు ఒకచోట పడడం వల్ల వచ్చింది.

ఇక లీటర్ల లెక్క. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ రాసిన పత్రాల పుణ్యమా అని, చెక్క కోయకముందే పెట్టె ఎలా వినిపిస్తుందో కాగితం మీద తెలుసుకోవచ్చు. సబ్‌వూఫర్‌తో వచ్చే కాగితంలో ఎఫ్ఎస్ (కోను తనంతట తాను ఊగే హెర్ట్జ్), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (కోను స్ప్రింగ్‌కి సమానమైన గాలి, లీటర్లలో) అని కనిపించేవి వాళ్ల పేరు మీద స్థిరపడిన కొలతలే. పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్ ఒకటి అనుకుందాం: ఎఫ్ఎస్ 28 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 40 లీటర్లు. దీన్ని 30 లీటర్ల సీల్డ్ పెట్టెలో పెడితే పెట్టెతో కలిసిన క్యూ విలువ 0.76 వస్తుంది. 0.7 దగ్గర ఉంటే గీత అతి సమతలంగా ఉంటుంది కాబట్టి ఇది దాదాపు ఆదర్శం. అదే సబ్‌వూఫర్‌ని 15 లీటర్లలో ఇరికిస్తే క్యూ 0.96కి చేరుతుంది. పైన ఒక డెసిబెల్ పాటి చిన్న ఉబ్బు వస్తుంది, కింద బాస్ ముందుగా తగ్గడం మొదలవుతుంది.

ఎంత తగ్గుతుంది? 30 హెర్ట్జ్ దగ్గర పెద్ద పెట్టె సుమారు 6.6 డెసిబెల్స్ దిగితే, చిన్న పెట్టె 9.2 దిగుతుంది. తేడా 2.6 డెసిబెల్స్. పెట్టెను సగానికి సగం కోసేస్తే పోయింది ఇంతే! ఆ తేడా పూడ్చడానికి ఆ లోతులో వాట్లు రెండింతలు కూడా అక్కర్లేదు, ఎందుకంటే రెండింతల వాట్లు 3 డెసిబెల్స్‌తో సమానం. ఈక్వలైజర్‌లో పైన ఉబ్బును కాస్త తగ్గించి, కింద కాస్త పెంచితే రెండు పెట్టెలకీ తేడా కనిపెట్టడం కష్టం. పైగా ఎంత గట్టిగా వినిపించాలో అంత శబ్దానికి కోను కదలవలసిన దూరం రెండు సీల్డ్ పెట్టెల్లోనూ ఒకటే. అంటే కోను మీద అదనపు భారం పడదు, దాన్ని కదిలించే తీగచుట్టలో (కాయిల్‌లో) వేడి మాత్రం కొంత పెరుగుతుంది.

బిగించేవారు సాధారణంగా చెప్పే మాట దీనికి సరిగ్గా వ్యతిరేకం. “బాక్సు ఇంకొంచెం పెద్దది చేద్దామండీ, బాగా మోగుతుంది” అంటారు. వాళ్లకి మంచి ఉద్దేశమే ఉంటుంది. కానీ ఆ ఇంకొంచెం కోసం రేపటి నుంచి సామాను సర్దుకోవలసింది మనం.

పోర్టెడ్ పెట్టె వైపు న్యాయంగా చెప్పవలసింది చాలా ఉంది. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థూరస్‌కి బాస్ రిఫ్లెక్స్ మీద పేటెంట్ దక్కింది 1932లో. కోను వెనకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని వృథా పోనివ్వకుండా ఒక గొట్టం (పోర్టు) ద్వారా ముందుకు తెచ్చే ఈ పద్ధతి తెలివైనది. పోర్టును ఏ హెర్ట్జ్‌కి సరిపెట్టారో (ట్యూన్ చేశారో) దానికి దగ్గర్లో మూడు నుంచి ఆరు డెసిబెల్స్ దాకా లాభం ఇస్తుంది. అదే చోట కోను కదలిక బాగా తగ్గుతుంది, కాబట్టి సబ్‌వూఫర్ సుఖంగా పనిచేస్తుంది. గట్టిగా, ఇంకా గట్టిగా వినిపించడమే లక్ష్యమైనవారికి నేను పోర్టెడ్ పెట్టె వద్దని చెప్పను. అది వాళ్ల దారి, ఆ దారిలో అదే గెలుస్తుంది.

అయితే పోర్టుకి ఎంత చోటు కావాలో చాలామంది లెక్క వేయరు. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్ల గొట్టం తీసుకుందాం. 60 లీటర్ల పెట్టెను 32 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలంటే ఆ గొట్టం సుమారు 31 సెంటీమీటర్ల పొడవుండాలి. సరే, పడుతుంది. చోటు చాలదని పెట్టెను 30 లీటర్లకి తగ్గించారనుకోండి. గొట్టం తగ్గదు, పెరుగుతుంది! అదే ట్యూనింగ్‌కి దాదాపు 70 సెంటీమీటర్లు కావాలి. పెట్టె ఏ వైపు చూసినా 40 సెంటీమీటర్లు లేనప్పుడు 70 సెంటీమీటర్ల గొట్టం ఎక్కడ పెడతారు? వంచి పెట్టినా అది ఒక్కటే లోపల ఆరేడు లీటర్లు తినేస్తుంది, ఆ ఆరేడు లీటర్లూ కలపడానికి పెట్టె మళ్లీ పెద్దదవుతుంది. సన్నటి గొట్టం వేసి తప్పించుకుందామంటే గాలి వేగం పెరిగి పోర్టు బుస కొడుతుంది. సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూసుకోవాలన్నది ఇందుకే వాడే హద్దు. చోటు తక్కువ ఉన్నవారికి పోర్టెడ్ పెట్టె చెప్పే లెక్క ఇంత నిర్దయగా ఉంటుంది. గొట్టానికి బదులు ప్యాసివ్ రేడియేటర్ (కాయిల్ లేకుండా పెట్టెలోని గాలి ఒత్తిడికే ఊగే కోను) వాడితే పొడవు సమస్య తీరుతుంది గానీ, ఇంకో సబ్‌వూఫర్ పట్టేంత ముఖం, దానితో పాటు దాని బరువు వచ్చి చేరతాయి.

ఇంకొకటి. ట్యూన్ చేసిన చోటు దాటి కిందికి దిగితే పోర్టెడ్ పెట్టె బాస్ ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, కోనుకి వెనక గాలి ఆసరా పోతుంది. అప్పుడు కొద్దిపాటి శక్తికే కోను అవధి దాటి కొట్టుకుంటుంది. సబ్‌సోనిక్ ఫిల్టర్ (అతి కింది స్వరాలను ఆపేది) లేని యాంప్లిఫయర్‌తో పోర్టెడ్ పెట్టె కలపడమంటే సబ్‌వూఫర్ ఆయుష్షు తీయడమే. బ్యాండ్‌పాస్ పెట్టెల సంగతి ఒక్క వాక్యంలో ముగిస్తాను: రెండు గదులు, మధ్యలో గోడ, అందరికంటే ఎక్కువ బరువు, అందరికంటే ఇరుకైన స్వరపరిధి.

ఇప్పుడు బరువుకి వద్దాం. పెట్టె గురించి మాట్లాడేటప్పుడు లోపలి లీటర్లే చెబుతారు. డిక్కీ మాత్రం బయటి లీటర్లు ఇచ్చుకోవాలి. కాగితాల్లో ఘనపుటడుగులు రాసి ఉంటే 28.3తో గుణించి లీటర్లు చేసుకోండి. పైన చెప్పిన 60 లీటర్ల పోర్టెడ్ పెట్టె 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్క నార అదిమి చేసిన పలకతో) చేస్తే బయటి కొలతలు సుమారు 55, 42, 38 సెంటీమీటర్లు. గుణిస్తే 88 లీటర్లు. అందులో చెక్కే 20 లీటర్లు. ఎండీఎఫ్ లీటరుకి ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి ఖాళీ పెట్టె ఒక్కటే 15 కిలోలు. సబ్‌వూఫర్ ఆరు నుంచి పది కిలోలు. కార్పెట్, టెర్మినళ్లు కలిపి పాతిక కిలోలు చేరినట్టే.

అదే సబ్‌వూఫర్‌కి 15 లీటర్ల సీల్డ్ పెట్టెను 15 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్‌తో చేస్తే బయటి కొలతలు 35, 35, 20 సెంటీమీటర్లు. మొత్తం ఇరవై నాలుగున్నర లీటర్లు. చెక్క బరువు ఐదు కిలోల లోపు. ఒకటి 88 లీటర్లు, ఇంకొకటి 24.5. ఒకటి 15 కిలోలు, ఇంకొకటి 5. హ్యాచ్‌బ్యాక్ డిక్కీలు చాలావరకు 250 నుంచి 350 లీటర్ల మధ్య ఉంటాయి. 88 లీటర్లు పోవడమంటే మిగిలింది 200 పైచిలుకు అని సరిపెట్టుకోవడానికి లేదు. మధ్యలో దిమ్మలా పెట్టె కూర్చున్నాక దాని చుట్టూ మిగిలేవి సందులే. సందుల్లో సూట్‌కేసు పట్టదు. అలాంటి కారులో దూరప్రయాణం చేస్తే వెనక కూర్చున్నవాళ్ల ఒళ్లో సంచులు ఉంటాయి. నేను ఆ ఒళ్లో సంచితో కూర్చున్నవాణ్ణి. బాస్ అద్భుతంగా ఉంది. కాళ్లు తిమ్మిరెక్కాయి.

చెక్క గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది: బరువైన పెట్టే మంచి పెట్టె అని. పెట్టెకి కావలసింది బిగుతు, బరువు కాదు. బర్చ్ ప్లైవుడ్ ఎండీఎఫ్ కంటే తేలిక, అయినా దాదాపు రెండింతలు గట్టిగా వంగకుండా నిలుస్తుంది. పలక మందం పెంచితే బిగుతు ఘనరీతిలో పెరిగే మాట నిజమే, కానీ బరువు కూడా పెట్టె అంతటా పెరుగుతుంది. దానికంటే లోపల ఒక అడ్డుబద్ద వేయడం ఎంతో మేలు. పెద్ద పలక మధ్యలోంచి ఎదుటి పలకకి ఒక బద్ద తగిలిస్తే పలక నిడివి సగమవుతుంది, అది మోగే స్వరం సబ్‌వూఫర్ పనిచేసే పరిధి దాటి పైకి పోతుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే ఇది చేతికే తెలుస్తుంది. బద్ద లేని పలక మధ్యలో తడితే ‘డబ్’మని గుల్లగా పలుకుతుంది, ఆ శబ్దం కాసేపు సాగుతుంది. బద్ద జిగురు ఆరాక అదే చోట తడితే ‘టక్’మని చిన్నగా, పొడిగా ఆగిపోతుంది. ఆ బద్ద బరువు రెండు మూడు వందల గ్రాములు.

పాప్లర్ ప్లైవుడ్ ఇంకా తేలిక, లీటరుకి అరకిలో లోపే. దానికి బద్దలు ఎక్కువ కావాలి, స్క్రూలు అంచుల్లో గట్టిగా పట్టవు, కాబట్టి సబ్‌వూఫర్ బిగించే ముఖపలక మాత్రం బర్చ్‌తో చేసి మిగతా ఐదు పలకలు పాప్లర్‌తో చేయడం తెలివైన పని. అయస్కాంతం విషయంలోనూ బరువు తగ్గించుకునే వీలుంది. నియోడైమియమ్ అయస్కాంతం ఉన్న సబ్‌వూఫర్ అదే బలానికి ఫెర్రైట్ దానికంటే చాలా తేలిక, లోతు కూడా తక్కువ. లోపల పాలియెస్టర్ దూది నింపితే గాలికి పెట్టె పదో వంతు పైన పెద్దదైనట్టు అనిపిస్తుంది. గ్రాముల బరువుతో ఒకటి రెండు లీటర్లు మిగులుతాయంటే కాదనకూడదు.

చోటు ఎక్కడ? డిక్కీ నేల మధ్యభాగాన్ని ముట్టుకోవద్దు. ఎవరి కారైనా డిక్కీ తెరిచి పక్కల్లోకి చూడండి: వెనక చక్రం గుబ్బకీ వెనక దీపానికీ మధ్య ఒక లోతైన సంచిలాంటి చోటు ఉంటుంది. అక్కడ సామాను ఎవరూ పెట్టరు, పెట్టినా నిలవదు. చాలా కార్లలో అది పది నుంచి పాతిక లీటర్ల వరకు ఉంటుంది. సరిగ్గా మన సీల్డ్ పెట్టె అంత! ఆ చోటు వంపులకి అచ్చంగా సరిపోయేలా ఫైబర్‌గ్లాస్‌తో పెట్టె పోయవచ్చు. రేకు మీద టేపు, దాని మీద గాజునార మ్యాట్, దాని మీద రెజిన్, పొర మీద పొర. వంపు తిరిగిన ఆకారమే దానికి బిగుతునిస్తుంది కాబట్టి బల్లపరుపు చెక్క కంటే పలచగా ఉన్నా నిలబడుతుంది. ముందుపలక చెక్కదే. పని చాలా ఓపిక అడుగుతుంది. రెజిన్ ఆవిరి మంచిది కాదు, గాలి ఆడే చోట, మాస్కు పెట్టుకునే చేయాలి. కానీ పూర్తయ్యాక డిక్కీలో ఏమీ పోనట్టే కనిపిస్తుంది. నా దృష్టిలో కారు సబ్‌వూఫర్ పనిలో ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు.

స్టెప్నీ గుంట చూసి కూడా చాలామందికి ఆశ పుడుతుంది. చక్రం తీసేసి అక్కడ సబ్‌వూఫర్ పెట్టడానికి నేను ఒప్పుకోను. రాత్రిపూట టైరు పగిలినప్పుడు బాస్ సాయం చేయదు. చక్రం లోపలి గిన్నెలోనే ఇమిడేలా చేసిన గుండ్రటి పెట్టెలు ఉన్నాయి, చక్రం చక్రంలాగే ఉంటుంది, అవి మంచివే. సీటు కింద పెట్టే ఎనిమిది అంగుళాల సబ్‌వూఫర్లు చోటు విషయంలో అందరికంటే ముందుంటాయి. అయితే ఎనిమిది అంగుళాల కోను వైశాల్యం పన్నెండు అంగుళాల దానిలో సగం కూడా ఉండదు. ఒక ఆక్టేవ్ కిందికి దిగి అంతే శబ్దం రావాలంటే కోను నాలుగు రెట్లు దూరం కదలాలి, ఆ పలచటి పెట్టెలో దానికి ఆ వీలుండదు. బేస్ గిటార్‌లో అతి మందమైన తీగ స్వరం 41 హెర్ట్జ్. ఐదు తీగల గిటార్ అయితే 31. సీటు కింది పెట్టె మొదటిదాన్ని మర్యాదగా వినిపిస్తుంది, రెండోదాని దగ్గర అలసిపోతుంది. పాటల్లో బాస్ లేని లోటు తీరితే చాలనుకునేవారు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

సెడాన్ కార్లవారికి ఇంకో దారి ఉంది, దానికి రావలసినంత పేరు రాలేదు. డిక్కీయే పెట్టె. వెనక సీటు వీపుకి ఒక గట్టి పలక బిగించి, అందులో క్యూటీఎస్ 0.6 పైన ఉన్న సబ్‌వూఫర్ పెట్టి, డిక్కీకీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న ప్రతి రంధ్రాన్నీ మూసేస్తే పని అయిపోతుంది. వందల లీటర్ల గాలి వెనకుంది. బరువు ఒక పలక, ఒక సబ్‌వూఫర్, అంతే. డిక్కీ నేల మొత్తం సామానుకే. కష్టమంతా ఆ రంధ్రాలు మూయడంలో ఉంది: సీటు బెల్టు దారులు, పార్సెల్ షెల్ఫ్ కింద రేకులో కంపెనీ వదిలిన కిటికీలు. ఒక్కటి మిగిలినా కోను ముందు శబ్దం, వెనక శబ్దం కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. హ్యాచ్‌బ్యాక్‌లో ఇది కుదరదు.

బరువు పెరిగితే ఇంధనం ఖర్చవుతుందని భయపడేవారికి ఒక ఊరట. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం 45 కిలోలు అదనంగా మోస్తే మైలేజీ ఒక్క శాతం తగ్గుతుంది. పాతిక కిలోల పెట్టె వల్ల పోయేది అరశాతం. అది పెద్ద విషయం కాదు. ఆ కిలోలు ఎక్కడ కూర్చున్నాయన్నది పెద్ద విషయం. ముందు, వెనక ఇరుసుల మధ్య రెండున్నర మీటర్ల దూరం (వీల్‌బేస్) ఉన్న కారులో, వెనక ఇరుసుకి అర మీటరు వెనక 30 కిలోలు పెడితే వెనక చక్రాల మీద 36 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీద 6 కిలోలు తగ్గుతాయి. కారుకి అనుమతించిన మొత్తం భారంలోనూ ఆ 30 కిలోలు శాశ్వతంగా పోతాయి. నలుగురు మనుషులు, సామాను ఎక్కిన రోజున అది లెక్కకొస్తుంది. అందుకే బరువైన పెట్టె సీటు వీపుకి ఆనుకుని, వీలైనంత ముందుకి, వీలైనంత కిందికి ఉండాలి. 40, 50 హెర్ట్జ్ శబ్దం ఏ మూల నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కాబట్టి పెట్టె ఎక్కడున్నా వినికిడికి నష్టం లేదు.

రేకు మోతను అణచే డ్యాంపింగ్ షీట్ల బరువు కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. బ్యూటైల్ రబ్బరు షీటు చాలావరకు చదరపు మీటరుకి రెండు మూడు కిలోలు ఉంటుంది. డిక్కీ గోడలన్నీ కప్పేయాలన్న ఉత్సాహం వద్దు. పలక మధ్యభాగంలో మూడో వంతు మేర అంటిస్తే మోత దాదాపు ఆగుతుంది. నంబరు ప్లేటు వెనక చిన్న నురుగు ముక్క పెడితే కిలోల షీట్లు చేయని పని చేస్తుంది.

చివరిగా చెబుతున్నాను గానీ నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. చాలా కార్లలో పెట్టె ఊరికే డిక్కీలో పెట్టి ఉంటుంది, బరువే దాన్ని కదలకుండా ఉంచుతుందన్న ధీమాతో. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఢీకొని సెకనులో పదో వంతులో ఆగిపోతే, 20 కిలోల పెట్టె సుమారు 280 కిలోల భారంతో ముందుకి దూకుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లో దానికీ వెనక సీట్లో కూర్చున్న పిల్లల వీపుకీ మధ్య ఉన్నది సీటు ఒక్కటే. వెల్‌క్రో దీనికి చాలదు. కారుతో వచ్చిన సామాను కొక్కేలకు గట్టి రాట్చెట్ పట్టీ అయినా వేయాలి, లేదా పెట్టె అడుగున ఇనుప కోణాలు బిగించి నేలకు బోల్టు చేయాలి. బోల్టు వేసే ముందు కారు కిందికి దూరి, ఆ చోట ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టం, వైర్లు లేవని కళ్లతో చూసుకోవాలి. రేకు అవతలివైపు వెడల్పాటి వాషరు వేయాలి, రంధ్రం అంచుకి తుప్పు పట్టకుండా రంగు పూయాలి. పక్క సంచిలో ఇమిడే ఐదు కిలోల పెట్టెకి ఈ పని రెండు బోల్టులతో తీరుతుంది. 88 లీటర్ల దిమ్మకి ఎన్ని బోల్టులు కావాలో, అవి ఎక్కడ పడతాయో, దాన్ని ఎంచుకునేవారు చెక్క కోయకముందే డిక్కీ కార్పెట్ ఎత్తి చూసుకోవాలి.